ఓర్చుకుంటే తగ్గతాదంట

ఉదయగిరి బస్సు ఆత్మకూరు పొలిమేర దాటకముందే రాహేలమ్మ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, మడిచి, చేతిసంచిలో పెట్టి, మళ్ళీ తీసింది. మద్రాసు నుంచి డాక్టరు గురుస్వామి రాసిన ఇంగ్లీషు ఉత్తరం. టైపు కొట్టింది, కింద సంతకం మాత్రం సిరాతో. మీరు చెప్పిన రొమ్ము పుండు రోగిని ఈ నెల ఇరవయ్యో తేదీలోగా తీసుకురాగలిగితే ఒక మంచం ఖాళీగా ఉంచుతాను, రెండు మందుల మోతాదూ ఈసారి తగ్గించాం, అయినా ప్రమాదం లేదని నేను అనను, ఆమెకు అన్నీ వివరంగా చెప్పి ఒప్పుకుంటేనే తీసుకురండి, వెంగయ్యకు చెప్పినట్టే చెప్పండి. అంతే ఉత్తరం. వెంగయ్యకు చెప్పినట్టే. ఎన్నిసార్లు చదివినా చూపు అక్కడికే వచ్చి ఆగుతోంది. డాక్టరు గారు మంచి మనసుతోనే రాశాడు, తన మీద నమ్మకంతో రాశాడు, ఒక రకంగా అది మెచ్చుకోవడమే. మెచ్చుకోలు కూడా ఇంతలా గుచ్చుకుంటుందని నలభై ఆరేళ్ళు వచ్చాక రాహేలమ్మకు తెలిసింది. ఉత్తరాన్ని సంచిలో అడుగుకు తోసి, దాని మీద గాజుగుడ్డ చుట్టలు, దూది పొట్లం, డెట్టాలు సీసా సర్ది, సంచి మూతిని రెండు చేతులతో పట్టుకుని కూచుంది, ఎవరో లాక్కుంటారన్నట్టు.

బస్సు నిండా జనం. ముందు సీట్లో ఎవరిదో మేకపిల్ల సీటు కింద నుంచి తల బయటపెట్టి ఆమె చెప్పు అంచును నాకుతోంది. కిటికీకి అద్దం లేదు, దుమ్ము తెరలు తెరలుగా లోపలికి వచ్చి తెల్లచీర మీద కూచుంటోంది. మామూలుగా అయితే రాహేలమ్మ దులుపుకుంటుంది, ఇరవై రెండేళ్ళుగా తెల్లచీర కట్టే మనిషికి అది చేతి అలవాటు, ఈ రోజు చెయ్యి లేవడం లేదు. సిస్టరమ్మా, యాడికి, అని వెనక ఎవరో అడిగితే ఉదయగిరికి అంది, ఎవరింటికి అంటే వినపడనట్టు ఊరుకుంది. ఎవరింటికని చెప్పేది. ఆదినారాయణ శెట్టిగారింటికి అంటే, ఏంది శెట్టిగారింట్లో జబ్బు అంటారు, శెట్టిగారి భార్యకు అంటే, ఏం జబ్బు అంటారు, మర్రిపాడు చేరేలోగా బస్సంతా తెలిసిపోతుంది. ఆ జబ్బు పేరు ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరూ పలకలేదు. గడ్డ అన్నారు, పుండు అన్నారు, వేడి చేసింది అన్నారు. ఆపరేషను కోసి ఏడాది అయింది, కోసిన చోటే మళ్ళీ లేచి పగిలింది, ఇప్పుడు చంక కింద, మెడ ఎముక పక్కన బఠాణీ గింజల్లా చేతికి తగులుతున్నాయి, దగ్గు మొదలైంది. గడ్డను కాల్చే ఎక్స్‌రే పెట్టించారు, మానేశారు. ఇంక కోసేదీ కాల్చేదీ లేదు. అలాంటి వాళ్ళనే పంపమన్నాడు డాక్టరు గురుస్వామి. రెండేళ్ళ కిందట మిషను ఆసుపత్రుల వాళ్ళందరినీ కూచోబెట్టి, బోర్డు మీద సుద్దముక్కతో గీసి చెప్పాడు. ఒక మందు నరానికి ఎక్కించేది, యుద్ధంలో మనుషుల్ని చంపిన విషపుగాలికి దగ్గరి చుట్టం. ఇంకొకటి పసుపుపచ్చటి మాత్ర, ఒంట్లో కణం పెరగడానికి కావలసిన విటమిన్ను మోసం చేసేది. విడివిడిగా ఇస్తే గడ్డ కొన్నాళ్ళు తగ్గి మళ్ళీ లేస్తోంది, కలిపి ఇస్తే ఏమవుతుందో చూడాలి, ముందు ముగ్గురికి తక్కువగా, వాళ్ళు తట్టుకుంటే తరువాతి ముగ్గురికి కాస్త ఎక్కువగా. ఎంత దాకా, అని ఎవరో అడిగారు. తట్టుకోలేనంత దాకా, అని ఆయన, అన్నాక తనే ఒక్క క్షణం ఆగి, చేతికంటిన సుద్ద తుడుచుకున్నాడు.

వెంగయ్య అయిదోవాడు. అయిదోవాడంటే రెండో ముగ్గురిలో నడిమివాడు. మర్రిపాడు పక్క పల్లెలో గొర్రెలు మేపుకునేవాడు. యాభై ఏళ్ళుంటాయి. ఎడమ దవడ కింద నిమ్మకాయంత గడ్డగా మొదలై, ఆకు పసరు కట్టి, వాత పెట్టించి, తాయెత్తు కట్టించి, చివరికి ఆత్మకూరు వచ్చేసరికి అది కొబ్బరికాయంత అయింది, మెడ తిరిగేది కాదు, ఎవరు పిలిచినా మనిషి మొత్తం తిరిగి చూసేవాడు. రాహేలమ్మే వెంటబెట్టుకుని నెల్లూరులో రైలెక్కించింది. రైలు అతనికి కొత్త. గొంగడి భుజాన వేసుకుని తలుపు దగ్గర నేల మీద కూచుని, పోయే పొలాల వంక చూస్తూ గొర్రెల మాటలు చెప్పాడు. తొలకరికి లేచిన జొన్న పిలకల మీదికి మందను తోలకూడదట, కొన్ని చేలల్లో విషం ఉంటుంది, కొన్నింట్లో ఉండదు, చూస్తే తెలియదు. అందుకని ముందు ఒక ముసలి గొర్రెను వదిలి చూస్తాం సిస్టరమ్మా, అది కడుపుబ్బి పడిపోలేదంటే మంద మొత్తాన్ని తోలతాం. పాపం గదా ఆ గొర్రె, అంది తను, మాటకు మాటగా. పాపమే, అన్నాడు వెంగయ్య, అందుకే దాన్ని వదిలేముందు నేను దాని తల నిమరతా. ఆ రోజు ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. తరువాత, అంతా అయిపోయాక, ఒక మధ్యాహ్నం ఆసుపత్రిలో సిరంజీలు ఉడకబెడుతుంటే గుర్తుకొచ్చి, చేతిలో పటకారు అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది. చెప్పి ఉంటే అతనికి అర్థమయ్యేది. తనకంటే బాగా, ఆ డాక్టరు కంటే బాగా, ఆ వార్డులో ఎవరికంటే కూడా బాగా అర్థమయ్యేది.

చెప్పలేదు. వరండాలో బల్ల దగ్గర డాక్టరు గురుస్వామి కూచుని, ఆయనకు తెలుగు రాదు, అరవం ఇతనికి రాదు, అందుకని ఇంగ్లీషులో, ఒక్కో వాక్యం ఆగి ఆగి చెప్పాడు. ఈ రెండు మందులు కలిపి నలుగురికే ఇచ్చాం. మనిషి ఎంతవరకు తట్టుకుంటాడో తెలుసుకోవడం మా మొదటి పని. నయమవుతుందని నేను మాట ఇవ్వలేను. మందు వల్లనే ప్రమాదం రావచ్చు. వద్దంటే ఎవరూ ఏమీ అనుకోరు, నొప్పికి మందిచ్చి పంపిస్తాం. ఇది అతనికి చెప్పండి. వెంగయ్య మొత్తం తిరిగి తన మొహంలోకి చూశాడు. కళ్ళు పెద్దవి చేసి, నోరు కాస్త తెరిచి, తన నోట ఏం రాలుతుందా అని. రాహేలమ్మకు ఇప్పటికీ ఆ చూపు ముందు తను ఏమనుకుందో తెలియదు, ఏమీ అనుకోలేదేమో, నాలుక దానంతటదే తిరిగింది. "రెండు మందులు కలిపి ఇస్తారంట వెంగన్నా. ఒకటి కంటే రెండు గట్టివి గదా. కడుపులో తిప్పతాది, నీరసం వస్తాది. ఓర్చుకుంటే తగ్గతాదంట." తగ్గతాదంట. ఆ అంట ఎవరిది. డాక్టరు అనలేదు. తను అని, డాక్టరు అన్నట్టు చెప్పింది, ఒక్క చిన్న అక్షరం చివర తగిలించి తన మాటను ఆయన నెత్తిన పెట్టింది. అన్నీ చెప్పారా, అని ఆయన అడిగాడు. చెప్పాను, అంది. వేలిముద్ర వేయించారు, సిరా తుడుచుకోవడానికి తనే దూది ఇచ్చింది.

మిషను ఆసుపత్రి దొరసానుల దగ్గర పట్టుబడిన అలవాటు అది. ఇరవై రెండేళ్ళు వాళ్ళ ఇంగ్లీషును తెలుగు చేసింది, రోగుల తెలుగును ఇంగ్లీషు చేసింది. దొరసాని విసుక్కుంటూ ఈ మురికిమనిషిని రేపు రమ్మను అంటే, అమ్మా రేపు పొద్దున్నే తానం చేసి రండమ్మా, తీరిగ్గా చూస్తారంట అనేది. బాలింత మొగుడు దొరసానిని బూతు తిడితే, చాలా బాధపడుతున్నాడు మేడమ్ అనేది. రెండు వైపులా మాటకు కాస్త బెల్లం రాసి అందించేది, ఎవరికీ నొప్పి తగలకుండా, అందరూ ఆమెను మెచ్చుకునేవాళ్ళు, రాహేలమ్మ ఉంటే గొడవుండదు అనేవాళ్ళు. అది మంచితనమేనని ఆమె కూడా అనుకుంది. ఇరవై రెండేళ్ళలో ఆ బెల్లం ఒక మనిషి ప్రాణం మీదికి వస్తుందని ఎన్నడూ తట్టలేదు.

బస్సు ఒక గుంటలో పడి లేచింది, మేకపిల్ల అరిచింది, నెత్తి మీద సామాన్ల బల్ల నుంచి ఎవరిదో మూట జారి ఒళ్ళో పడింది. తీసి పైన పెట్టించింది. ఎర్రనేల, కోత అయి కొయ్యకాళ్ళు మిగిలిన సజ్జచేలు, దూరంగా బండరాళ్ళ మధ్య గొర్రెల మంద ఒకటి, అటువైపు చూడకూడదనుకుని చూసింది. వెంగయ్యకు మొదటి విడత మందు తరువాత పదో రోజుకు గడ్డ మెత్తబడింది. పన్నెండో రోజుకు ముడతలు పడింది. పదిహేనో రోజు పొద్దున వెంగయ్య మంచం మీద కూచుని తల ఎడమకు తిప్పాడు, కుడికి తిప్పాడు, తిప్పి నవ్వాడు. ఆ తరువాత అదే పని. వార్డులోకి ఎవరొచ్చినా, ఊడ్చే ఆమె వచ్చినా, చూడమ్మా అని తల తిప్పి చూపించేవాడు. డాక్టరు గురుస్వామి కొలత టేపు పట్టుకుని మెడ చుట్టూ కొలిచి, నమ్మకం లేక మళ్ళీ కొలిచాడు. ఆ సాయంత్రమే తను పోస్టాఫీసుకు పోయి వెంగయ్య భార్య ఓబమ్మకు కార్డు రాసింది, గడ్డ కరుగుతోంది, త్వరలో తీసుకొస్తాను. అబద్ధం కాదు. ఆ రోజుకు అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. ఓబమ్మకు చదువు రాదు. కార్డు పట్టుకుని ఉదయగిరి బజారుకు పోయి, సరుకులు కొనే అంగట్లో ఆదినారాయణ శెట్టిగారి చేత చదివించుకుంది. శెట్టిగారు చదివి, కార్డును వెంటనే తిరిగివ్వలేదట, ఇంకొకసారి చదివాడట. తరువాత చాలా రోజులకు ఓబమ్మ చెప్పింది.

రెండో విడత అయిన పదకొండో రోజున నోరంతా పూసింది. పెదాల నుంచి గొంతు దాకా పచ్చిపుండు. తెల్లకణాల లెక్క రోజు రోజుకూ పడిపోయింది, చిగుళ్ళ నుంచి నెత్తురు, జ్వరం నూటనాలుగు. రక్తం ఎక్కించారు, పెన్సిలిన్ పొడిచారు. గడ్డ మాత్రం లేదు, మెడ నున్నగా ఉంది, అదే చిత్రం. గుడ్డ తడిపి పెదాల మీద అద్దుతుంటే వెంగయ్య ఏదో అన్నాడు, చెవి దగ్గరపెట్టి విన్నది. "ఓర్చుకోలేకపోతా ఉండానేమో సిస్టరమ్మా. డాక్టరుకు చెప్పు. ఇంకొంచెం ఓర్చుకుంటానని చెప్పు." మంచం అటువైపు నిలబడిన డాక్టరు గురుస్వామి, ఏమంటున్నాడు అని అడిగాడు. నీళ్ళు అడుగుతున్నాడు, అంది రాహేలమ్మ. అదీ తనే. రెండు వైపులా తనే. ఆ మనిషి తను సరిగా ఓర్చుకోలేదు కాబట్టి చస్తున్నాననుకుని చచ్చిపోయాడు, తప్పు చేసినవాడి మొహంతో, ఆ తప్పు అతనికి తగిలించింది ఎవరు. శవాన్ని మార్చురీకి తీసుకుపోయాక డాక్టరు వరండాలో అదే బల్ల దగ్గర కూచున్నాడు. మోతాదు ఎక్కువైంది, అన్నాడు, ఇది నా లెక్క తప్పు, ఇది జరగవచ్చని అతనికి తెలుసు కదా, ఆ ఒక్కటే నాకు ఊరట, మీరు చెప్పారు కదా. చెప్పాను, అంది. ఆయనతో మూడో అబద్ధం.

మర్రిపాడులో బస్సు ఆగింది. మేకపిల్లవాళ్ళు దిగారు. కండక్టరు కిందికి దిగి టీ తాగుతున్నాడు. ఇక్కడ దిగి బండ్ల బాట పట్టుకుంటే మైలు దూరం, ఓబమ్మ ఇల్లు. గొంగడి తీసుకుపోయి ఇచ్చిన రోజు తరువాత మళ్ళీ ఆ గడప తొక్కలేదు. జబ్బు ముదిరిపోయింది ఓబమ్మా, అని చెప్పింది ఆ రోజు. నువ్వుండావు గదమ్మా దగ్గర, పరాయి చోట ఒంటిగా పోలా, అదే చాలు, అంది ఓబమ్మ, అని లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చింది. ఆ మజ్జిగ తాగింది తను. గొంతులోంచి ఎట్లా దిగిందో. ఇప్పుడు దిగి పోవచ్చు. దిగి పోయి ఏమని చెప్పాలి. నీ మొగుణ్ణి జబ్బు చంపలేదు, మందు చంపింది, ఆ మందు చంపుతుందేమోనని డాక్టరు ముందే చెప్పాడు, నేను చెప్పలేదు. చెబితే ఓబమ్మకు ఏమొస్తుంది, చెప్పకపోతే తనకు ఏం మిగులుతుంది, ఈ రెండూ తూస్తూ ఉండగానే కండక్టరు గ్లాసు పెట్టేసి తలుపు తట్టాడు, బస్సు కదిలింది. దిగలేదు. ఎండిన చెట్లు వెనక్కి పోతుంటే, దిగలేదు, దిగలేదు అని చక్రాలు అంటున్నట్టే ఉంది.

సరే, శెట్టిగారి భార్యకు ఏమని చెప్పాలి. తెలుగులో దానికి మాట ఏది. ఇంగ్లీషులో ట్రయల్ అంటాడు ఆయన, అది కోర్టులో నడిచేది కూడా. పరీక్ష అంటే నెత్తురు పరీక్ష అనుకుంటారు, ఇంకేముంది తీసుకోండి అని చెయ్యి చాపుతారు. ప్రయోగం అందామా అంటే, ఈ పక్క ఊళ్ళలో ప్రయోగం అంటే చేతబడి, ఎవరో గిట్టనివాళ్ళు చేయించేది. కొత్త మందు అంటే మొహాలు వెలుగుతాయి, కొత్తదంటే మంచిదని. ఒక్క మాటలో చెప్పేది కాదిది. ఒక్కమాటలో చెప్పబోతేనే ఆ రోజు అంత పని జరిగింది. డాక్టరు చెప్పినట్టు ఒక్కో వాక్యం ఆగి ఆగి చెప్పాలి, మధ్యలో మొహం చూడకూడదు, చూస్తే నాలుక మళ్ళీ తిరుగుతుంది. కాదు, చూడాలి. మొహం చూస్తూనే చెప్పాలి. బస్సు మలుపు తిరిగింది, ఉదయగిరి కొండ ఎదురుగా లేచింది, ఎండకు బూడిదరంగుగా, పైన కోటగోడ గీతలాగా. పుట్టిన ఊరి కొండ. ఎప్పుడు చూసినా గుండె కాస్త కుదుటపడేది. ఇవ్వాళ అది దగ్గరికి వచ్చేకొద్దీ సంచి పట్టుకున్న చేతులకు చెమట పట్టింది.

ఆదినారాయణ శెట్టి బస్సు దగ్గరికే వచ్చి ఉన్నాడు. అంగడి నడిమధ్యాహ్నం వదిలి రాని మనిషి. గొడుగు ఆమె మీదికి పట్టబోయి, పదిమంది చూస్తున్నారని వెనక్కి తీసుకుని, ముందు నడిచాడు. ఎప్పటిలాగే వెనక సందులోంచి, దొడ్డి తలుపు వైపు. నడుస్తూనే, వెనక్కి తిరక్కుండా, మెల్లగా అన్నాడు.

"ఉత్తరం వచ్చిందా?"

"వచ్చింది శెట్టిగారూ. మంచం ఉంచినారు."

"వెంకటేశ్వరుడే చూసినాడు. ఆమెకు బలానికి సూదులని చెప్పినాను. మీరూ అదే చెప్పండి. ఇంకేం చెప్పబాకండి."

"వెంగయ్య సంగతి..."

"విన్నాను. వాడికి తిండా పాడా. కండ లేని మనిషి. గడ్డ కరిగిందా లేదా? మీరే రాసినారు గదా, నేనే చదివినాను."

అవును, తనే రాసింది, ఆయనే చదివాడు. ఆ కార్డు ముక్కే ఇప్పుడు ఆయన రూపంలో తన ముందు నడుస్తోంది, గొడుగు పట్టుకుని. సందులో నీడ, పేడ వాసన, ఎవరింట్లోనో మిరపకాయలు దంచుతున్న ఘాటు. తుమ్ము వచ్చి ఆగిపోయింది. ఈయన చెడ్డవాడు కాదు, ఆ సంగతి రాహేలమ్మకు తెలుసు. భార్యకు రోజూ తన చేత్తో అన్నం కలిపి పెడుతున్నాడని ఊరంతా నవ్వుతోంది, ఆయన లెక్క చేయడం లేదు. ఈయన చెప్పమన్నదీ తను వెంగయ్యకు చెప్పిందీ ఒకటే. ఆ బెల్లమే. ఈయన చేతిలో చూస్తే గానీ దాని రంగు తెలియలేదు.

శెట్టిగారి భార్య వెంకటసుబ్బమ్మ, ఇంట్లో సరుకుల కొట్టు పక్క గదిలో, గోడకు దిండ్లు పెట్టుకుని కూచుని ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి యాభై దాటినదానిలా ఉంది. సాంబ్రాణి పొగ వేశారు, అయినా పుండు వాసన కిందినుంచి వస్తూనే ఉంది. వచ్చినావా రాహేలమ్మా, కూచో, అంది. ఎన్నడూ లేనిది కుర్చీ వేసి ఉంది, దూరంగా కాదు, మంచానికి పక్కనే. రాహేలమ్మ కూచుంది. సంచి కింద పెట్టింది. శెట్టిగారు గుమ్మంలో నిలబడి కళ్ళతోనే ఏదో అంటున్నాడు. వెంకటసుబ్బమ్మ మొహంలోకి చూసింది. పెద్ద కళ్ళు, తన నోటి వంకే. వెంగయ్యదీ ఇదే చూపు. ఇంకొక్క గడియ ఆగితే నాలుక దాని దారిన అది పోతుందని తెలిసి, మొదలుపెట్టేసింది.

"అమ్మా, ఒక సంగతి చెప్పాల. అయ్యేదాకా మధ్యలో ఆపబాకండి. శెట్టిగారూ, మీరు కూడా." గుమ్మంలో కదలిక. ఆమె చూడలేదు. "మద్రాసులో ఒక డాక్టరు రెండు మందులు కలిపి ఇస్తా ఉండాడు. అవి బలానికి కాదు. మీ పుండుకు. కలిపి ఇస్తే మనిషి ఎంతవరకు తట్టుకుంటాడో ఇంకా ఎవరికీ తెలీదు. అది తెలుసుకునేదానికి ఇస్తా ఉండారు. మీకు నయమైపోతాదని ఆయన చెప్పలా, నేనూ చెప్పను. గడ్డ తగ్గితే తగ్గొచ్చు. ఆ మందుతోనే ప్రాణం పోయినా పోవచ్చు. వద్దంటే ఎవరూ ఏమీ అనరు."

సరుకుల కొట్టులో ఎలుక ఏదో దొర్లించింది. శెట్టిగారు గుమ్మం పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. వెంకటసుబ్బమ్మ బేరం కనుక్కునే మనిషిలా నింపాదిగా అడగడం మొదలుపెట్టింది.

"ఎంతమందికి ఇచ్చినారు?"

"తొమ్మిదిమందికి."

"ఎంతమందికి తగ్గింది?"

"అయిదుగురికి గడ్డ చిన్నదయింది. ఆ అయిదుగురిలో ఇద్దరు మందుకు తట్టుకోలేక పోయినారు. ఇద్దరికి మళ్ళీ లేచింది. ఒకామెకు ఇంతవరకు లేవలా."

"ఆ ఇద్దరిలో వెంగయ్య ఉండాడా?"

"ఉండాడు. వెంగన్నకు ఇట్లా చెప్పలేదమ్మా నేను. ఓర్చుకుంటే తగ్గతాదని చెప్పినాను."

ఆ మాట బయటికి వచ్చాక గదిలో ఉన్న గాలి మారినట్టయింది. ఎవరికీ చెప్పని మాట, పాస్టరు గారికి కూడా చెప్పని మాట, పుండు కట్టించుకోవడానికి ఎదురుచూస్తున్న మనిషి ముందు ఇట్లా జారిపడింది. వెంకటసుబ్బమ్మ తల ఒకసారి ఊపింది, లెక్క సరిపోయిందన్నట్టు. మద్రాసులో ఎన్నాళ్ళుండాలని అడిగింది. రెండు నెలలు, ఎక్కువే కావచ్చు. నోరు పూస్తాదా. పూస్తాది. జుట్టు? కొందరికి రాలతాది. రాలబోయే జుట్టు గురించి ఒక్క క్షణం ఆలోచించినట్టుంది, జడ మీద చెయ్యి వేసి తీసేసింది.

"నేను పోను," అంది.

శెట్టిగారు లోపలికి వచ్చాడు. కోపంతో వస్తున్నాడనుకుంది రాహేలమ్మ. కాదు. మంచం పట్టె మీద కూచుని, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"ఈమె చెప్పకుండా ఉంటే నువ్వు వచ్చుండేదానివి."

"అవును," అంది వెంకటసుబ్బమ్మ. "వచ్చుండేదాన్ని. కత్తికోతకు రాలా? చిన్న గడ్డ, గాటు పెట్టి తీస్తారంటివి. లేచి చూసుకుంటే రొమ్ము లేదు. నువ్వు సంతకం పెట్టినావు. నాకు చెప్పినా నేను వద్దనేదాన్ని కాదు. అది నీకు తెలీదు. నన్ను అడిగితే గదా తెలిసేది."

ఆయన తల ఎత్తలేదు. ఆ ఒక్క ఆమె, గడ్డ మళ్ళీ లేవని ఆమె, అన్నాడు, ఆమె నువ్వైతే. అయ్యుండొచ్చు, అంది వెంకటసుబ్బమ్మ. ఆయన మెల్లగా చెయ్యి చాపి ఆమె పాదం పట్టుకున్నాడు, ఆమె పట్టుకోనిచ్చింది. రాహేలమ్మకు లేచిపోవాలనిపించింది, కానీ పని మిగిలి ఉంది. వేన్నీళ్ళు తెప్పించి, కట్టు తడిపి విప్పింది. పుండు పోయినవారం కంటే అంగుళం పెరిగింది. మెల్లగా తుడుస్తూ ఉంటే ఆ లేవని ఆమె గుర్తుకొచ్చింది, మద్రాసు వార్డులో కిటికీ పక్క మంచం, ఇదే జబ్బు, ఇదే చోటు, ఈ ఈడే, పోయిన నెల సొంతకాళ్ళ మీద ఇంటికి నడిచిపోయింది. తను చేసింది ధర్మమా. నోరు మూసుకుని తీసుకుపోయి ఉంటే ఈమె కూడా నడిచి వచ్చేదేమో. లేక నోరంతా పూసి, చిగుళ్ళు కారి. ఎటు తిప్పినా కొస దొరకడం లేదు. వెంగయ్య విషయంలో తను తప్పు చేసిందని మాత్రం తెలుసు, ఈ రోజు ఒప్పు చేసిందో లేదో ఎవరు చెబుతారు. నిజం చెబితే మనసు తేలికపడుతుందనుకుంది ఇన్నాళ్ళు. పడలేదు. బరువు ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మారింది. నొప్పిగా ఉందా అమ్మా, అంది. ఉండాది, అంది వెంకటసుబ్బమ్మ, నువ్వు కానీయి. కట్టు కట్టాక, గురువారం గురువారం వస్తావా అని అడిగింది. వస్తానంది. నొప్పికి ఏదన్నా గట్టిది తెచ్చిపెట్టు, అంది. తెస్తానంది. శెట్టిగారు దొడ్డి తలుపు దాకా కూడా రాలేదు.

తిరుగు బస్సుకు ఇంకా గంట పైన ఉంది. పోస్టాఫీసు తెరిచే ఉంది. రాహేలమ్మ కవరూ కాగితమూ కొనుక్కుని, కిటికీ పక్కన బల్ల మీద, పాళీ విరిగిన కలంతో, ఇంగ్లీషులో రాసింది. రొమ్ము పుండు రోగికి మీరు చెప్పమన్నవన్నీ చెప్పాను. ఆమె రానన్నది. మంచం ఇంకొకరికి ఇవ్వండి. అక్కడితో ఆపి సంతకం పెట్టబోయింది. సిరా కాగితం మీద చుక్కపడింది. అటువైపు పోస్టుమాస్టరు ముద్రలు గుద్దుతున్నాడు, ఒకటి, ఒకటి, తొందర లేకుండా. ఆమె మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. అయ్యా, వెంగయ్యకు మీరు చెప్పిన మాటలు నేను చెప్పలేదు. ఓర్చుకుంటే తగ్గుతుందని మీరు అన్నట్టుగా చెప్పాను. చివరి రోజు అతను అడిగింది నీళ్ళు కాదు, ఇంకొంచెం ఓర్చుకుంటానని మీకు చెప్పమన్నాడు. ఉన్నది చెప్పి ఉంటే అతను వచ్చేవాడో రాడో నాకు తెలియదు. మీ పుస్తకంలో అతను తెలిసి ఒప్పుకున్నాడని రాసి ఉంటే, దాన్ని కొట్టివేయండి. ఇకమీదట మీరు చెప్పింది చెప్పినట్టే చెబుతాను. దానివల్ల మా వైపు నుంచి మీకు వచ్చే మనుషులు తగ్గవచ్చు.

ఒకసారి చదువుకుంది. ఎక్కడా ఏమీ మార్చకుండా మడిచి, కవరులో పెట్టి అంటించింది.